ఏ కట్టలో ఏముందో

గురజాల చుట్టుపక్కల ఏదో ఒక ఊరిని తీసుకోండి. ఒక యాభై అరవై ఏళ్ల వెనక్కి వెళ్లి, ఆ ఊరి భూమి కాగితాలు ఏ పేరు కింద దాఖలై ఉండేవో చూడండి. మొదట గుంటూరు జిల్లా, పల్నాడు తాలూకా. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. కాగితం మీద శీర్షిక మారింది. 2022 ఏప్రిల్ 4న పాత గుంటూరు జిల్లాను విడదీసి నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పాటు చేశారు. శీర్షిక మళ్లీ మారింది. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది, పొలం గట్లు ఉన్నచోటే ఉన్నాయి. ఇప్పుడు ఈ కాగితాలను స్కాన్ చేసి కంప్యూటర్‌లో పెట్టిన మనిషి ఏం చేస్తాడు? జిల్లా పేరుతో ఒక ఫోల్డర్, దాని లోపల మండలం, మండలంలో ఊరు, ఊళ్లో సంవత్సరం. ఆ పూటకు అది చక్కగానే ఉంటుంది. జిల్లా మారగానే పాత కాగితాలు గుంటూరు ఫోల్డర్‌లో ఉండిపోతాయి, కొత్తవి పల్నాడు ఫోల్డర్‌లో చేరతాయి, మధ్యకాలానివి పెన్‌డ్రైవ్ నుంచి దించుకున్న పేరులేని ఫోల్డర్‌లో పడి ఉంటాయి. ఒకే ఊరి ఒకే సర్వే నంబరు మూడు చోట్ల. రైతు వచ్చి కిటికీ దగ్గర నిలబడితే, ఆ మూడు చోట్లూ ఎక్కడెక్కడున్నాయో తెలిసిన ఉద్యోగి సెలవులో ఉంటే, పని ఆగిపోతుంది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఈ ఆగిపోవడం గురించే. వెతికే పద్ధతి ఒక మనిషి జ్ఞాపకంలో ఉండకూడదు. తరవాత వచ్చేవాడు చదివి అర్థం చేసుకోగలిగే రాతలో ఉండాలి. ఆ రాతకు మన చేతికందే అతి చవకైన సాధనం, విండోస్ ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ ముందునుంచే ఉన్న సాధనం, బ్యాచ్ స్క్రిప్ట్.

జ్ఞాపకాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. తరతరాలుగా ఊరి లెక్క కరణం చేతిలో ఉండేది. తాటాకు కవిలెల కాలంలోనూ, ఆ తరవాత కాగితపు దప్తరాల కాలంలోనూ, ఏ కట్టలో ఏముందో, ఏ కట్ట ఏ దూలం మీద ఉందో ఆయనకే తెలుసు. 1984 జనవరి 6న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వంశపారంపర్యంగా సాగుతున్న ఆ గ్రామాధికారి పదవులను ఆర్డినెన్సుతో రద్దు చేసింది. రద్దు చేయడం న్యాయమే. ఊరి భూమి వివరం ఒక ఇంటి సొత్తుగా ఉండకూడదు, దాన్ని అడ్డం పెట్టుకుని సాగిన పెత్తనం తక్కువేమీ కాదు. కానీ దప్తరం అప్పగించమంటే చేతికి వచ్చేది కాగితాలే. ఏ కాగితం కోసం ఎక్కడ చూడాలన్న తెలివి కాగితం మీద లేదు కనుక అది అప్పగింతల జాబితాలోకి రాదు. ఇప్పుడు మన కార్యాలయాల్లో, మీసేవ కేంద్రాల్లో, రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట కూర్చునే దస్తావేజు లేఖరుల దగ్గర, పిడుగురాళ్ల సున్నం వ్యాపారుల లెక్కల గదుల్లో ఇదే పరిస్థితి కంప్యూటర్ రూపంలో ఉంది. ఫలానా కుర్రాడు వస్తే గాని ఫైలు దొరకదు అన్న మాట ఎక్కడ వినబడినా, అక్కడ కరణం తిరిగి కూర్చున్నాడని అర్థం. ఆ కుర్రాడి తప్పు అందులో ఏమీ లేదు. అతనికి తెలిసినదాన్ని రాసిపెట్టమని ఎవరూ అడగలేదు, అంతే.

ఉన్నది వేరు, దొరికేది వేరు. ఇందుకు మన జిల్లాతోనే ముడిపడిన పెద్ద ఉదాహరణ ఒకటుంది. అమరావతి స్తూపాన్ని 18వ శతాబ్దం చివర్లో చూసి దాని గురించి లోకానికి చెప్పిన కల్నల్ కాలిన్ మెకంజీ, కావలి సోదరుల వంటి తెలుగువారి సాయంతో ఊరూరి కైఫీయతులు, శాసనాల నకళ్లు, తాళపత్రాలు కుప్పలుగా సేకరించాడు. 1821లో ఆయన చనిపోయాడు. వేల కాగితాలున్నాయి, ఏది ఏమిటో చెప్పే మనిషి పోయాడు. హోరేస్ హేమన్ విల్సన్ వాటికి వివరణాత్మక సూచిక తయారుచేసి 1828లో అచ్చు వేసే దాకా ఆ సేకరణ బయటివారికి చీకటి గదే. మన కాలానికి వస్తే, 2005 నాటి సమాచార హక్కు చట్టం ఇదే సంగతిని చట్టంగా చెప్పింది. 4వ సెక్షన్ మొదటి ఉపవిభాగంలోనే, ప్రతి ప్రభుత్వ సంస్థ తన రికార్డులను జాబితా వేసి, సూచిక కట్టి ఉంచాలని ఉంది. దరఖాస్తు వచ్చిన 30 రోజుల్లో జవాబివ్వాలని 7వ సెక్షన్ చెబుతోంది. అందరూ ఆ 30 రోజుల గడువును గుర్తుంచుకుంటారు, సూచిక సంగతి మరిచిపోతారు. సూచిక లేని చోట ఆ 30 రోజుల్లో ఎక్కువ భాగం వెతకడానికే పోతుందని ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

ఇక సాధనం దగ్గరికి వద్దాం. 1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్‌తో పాటు వచ్చిన డాస్ అనే ఆపరేటింగ్ సిస్టం మొదటి రూపంలో ఫోల్డర్లే లేవు. ఫైళ్లన్నీ ఒకే కుప్ప. ఫోల్డర్ లోపల ఫోల్డర్ పెట్టుకునే వీలు 1983లో డాస్ రెండో రూపంతో వచ్చింది. మన కరణాల దప్తరాలు చేతులు మారడానికి ముందటి ఏడాది అది. అరలు వచ్చిన నాటినుంచే అరల్లో పోగొట్టుకోవడమూ మొదలైంది. బ్యాచ్ అన్న మాటకు ఇక్కడ అర్థం కట్ట. ఒక్కొక్కటిగా టైపు చేయవలసిన ఆదేశాలను వరుసగా ఒక కట్టగా కట్టి, మామూలు నోట్‌ప్యాడ్‌లో రాసి, చివర డాట్ బ్యాట్ అన్న తోకతో భద్రపరిస్తే అదే బ్యాచ్ స్క్రిప్ట్. దాని మీద రెండుసార్లు నొక్కితే, రాసిన వరుసలోనే యంత్రం ఆ పనులు చేసుకుపోతుంది. కొనాల్సింది లేదు, ఎక్కించాల్సింది లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. నా దృష్టిలో దీని అసలు బలం ఇవేవీ కావు. ఎవరైనా దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవగలరు. అది చేసే పని అంతా కంటికి కనిపించే అక్షరాల్లో ఉంటుంది.

చెవితో వినేవారికి ఆదేశాలు అప్పజెప్పడం కాస్త ఇబ్బందే. అయినా ముఖ్యమైనవి రెండు చెబుతాను, కాగితం మీద రాసుకోండి. మొదటిది డిఐఆర్. ఫోల్డర్‌లో ఏమున్నాయో జాబితా ఇవ్వమనడం. దాని పక్కన స్లాష్ ఎస్ అని చేరిస్తే లోపలి ఫోల్డర్లన్నీ, వాటి లోపలివీ, ఎంత లోతుకైనా దిగి చూస్తుంది. స్లాష్ బి అని కూడా చేరిస్తే తేదీలు, సైజులు వదిలేసి, ప్రతి ఫైలుకూ డ్రైవ్ అక్షరం మొదలుకుని పూర్తి దారిని ఒక్కో వరుసలో ఇస్తుంది. ఆ తరవాత కావలసిన పేరును రెండు నక్షత్రం గుర్తుల మధ్య పెట్టాలి. ముందు ఏమున్నా, వెనుక ఏమున్నా, మధ్యలో ఈ మాట ఉంటే చాలు అని దాని అర్థం. గుంటూరు ఫోల్డర్ అయినా పల్నాడు ఫోల్డర్ అయినా దానికి ఒకటే. జిల్లా మార్పు వల్ల విడిపోయిన కాగితాలు ఈ ఒక్క వరుసతో ఒకచోట కనిపిస్తాయి. రెండోది స్టార్ట్. దొరికిన ఫైలును దానికి తగిన ప్రోగ్రాంతో తెరవమనడం. ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. స్టార్ట్ అన్న ఆదేశం మొదట కనిపించే ఉటంకింపు గుర్తుల జతలో ఉన్నదాన్ని కిటికీ పేరుగా తీసుకుంటుంది. ఫైలు పేరులో ఖాళీలున్నాయని దాన్ని ఉటంకింపుల్లో పెట్టి ఇస్తే, ఫైలు తెరుచుకోదు, ఆ పేరుతో ఒక ఖాళీ నల్ల కిటికీ, అంటే ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్, తెరుచుకుంటుంది. అందుకని ముందు ఒక ఖాళీ ఉటంకింపు జత పెట్టి, ఆ తరవాత ఫైలు దారి పెట్టాలి. ఈ రెండింటినీ కలిపేది ఫర్ అన్న ఆదేశం. జాబితాలో ఒక్కొక్క ఫైలునూ తీసుకుని, ఫలానా పని చేయి అని అది చెబుతుంది. ఫర్ వాడినప్పుడు శాతం గుర్తు స్క్రిప్టులో రెండుసార్లు, నేరుగా నల్ల కిటికీలో టైపు చేస్తే ఒక్కసారి. ఇంతే సరంజామా. అయిదారు వరుసలు.

ఈ అయిదారు వరుసలు రాయబోయేసరికి అసలు కష్టం ఎక్కడుందో బయటపడుతుంది. యంత్రానికి ఏమని చెప్పి వెతికించాలి? మన ఊళ్ల పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాయడంలో ఎవరి పద్ధతి వారిది. గురజాలను ఒకరు జెడ్‌తో రాస్తారు, ఒకరు జేతో రాస్తారు. సత్తెనపల్లి చివర ఒకరికి ఇ, ఇంకొకరికి ఐ. మాచర్లకు మొదట ఒక ఏ పెట్టేవారూ ఉన్నారు, రెండు ఏలు పెట్టేవారూ ఉన్నారు. నరసరావుపేట సంగతి చెప్పనే అక్కర్లేదు. మధ్యలో ఏ ఉందా లేదా, చివర ఏ ఉందా లేదా అన్న తేడాలతోనే నాలుగు రూపాలవుతాయి. పొడి అక్షరాలు అదనం. మనిషి కన్ను వీటన్నిటినీ ఒకే ఊరిగా చదువుకుంటుంది, యంత్రం చదవదు. ఇందుకు ఉపాయం ప్రశ్నార్థకం గుర్తు. ఏదో ఒక్క అక్షరం అని దాని అర్థం. గురజాల పేరులో జా దగ్గరి హల్లు స్థానంలో ప్రశ్నార్థకం పెడితే రెండు రూపాలూ వస్తాయి. మాచర్లకు ఎమ్ఏ తరవాత నక్షత్రం పెడితే ఒక ఏ ఉన్నా రెండు ఏలున్నా దొరుకుతుంది. ఈ గుర్తును ఎక్కడ పెట్టాలో ఆలోచించే మనిషి, తన కార్యాలయంలో ఆ పేరును ఎన్ని రకాలుగా రాస్తున్నారో మొదటిసారి లెక్క చూసుకుంటాడు. ఆ లెక్క ఒకసారి స్క్రిప్టులోకి ఎక్కితే, తరవాత వచ్చినవాడు దాన్ని మళ్లీ కనుక్కోనక్కర్లేదు.

సర్వే నంబర్ల దగ్గర ఇంకో చిక్కు. కాగితం మీద 143 బై 2ఏ అని అడ్డగీతతో రాస్తాం. విండోస్‌లో ఫైలు పేరులో వాడకూడని గుర్తులు తొమ్మిదున్నాయి. వాలు గీతలు రెండు, కోలన్, నక్షత్రం, ప్రశ్నార్థకం, ఉటంకింపు, కోణపు గుర్తులు రెండు, నిలువు గీత. కనుక సబ్‌డివిజన్ ఉన్న ప్రతి సర్వే నంబరునూ ఫైలు పేరుగా పెట్టేటప్పుడు మార్చి తీరాలి. ఒకరు చిన్న గీత పెడతారు, ఒకరు కింది గీత, ఒకరు ఖాళీ వదులుతారు, ఒకరు అన్నీ కలిపేస్తారు. మొదటి మూడింటినీ ప్రశ్నార్థకం పట్టేస్తుంది. నాలుగోది జారిపోతుంది. పైగా నక్షత్రాల మధ్య 143 అని అడిగితే 1143 వస్తుంది, 1430 కూడా వస్తుంది. ఇక స్క్రిప్ట్ ఎంత బాగా రాసినా ప్రయోజనం లేదు, పేరు పెట్టడమే మారాలి. సున్నా చేర్చి నాలుగంకెలుగా 0143 అని రాయడం, ముందూ వెనకా చిన్న గీత పెట్టడం, తేదీని సంవత్సరంతో మొదలుపెట్టడం, ఈ మూడు అలవాట్లు చాలు. భూముల రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం, అంటే ల్యాండ్ పార్సెల్ మ్యాప్ నంబర్లు వచ్చాయి. అక్కడ ఏ పాత నంబరుకు ఏ కొత్త నంబరో చూపే పట్టికను స్క్రిప్ట్ పక్కనే ఒక సాదా టెక్స్ట్ ఫైలుగా ఉంచాలి. పాత నంబరు ఇస్తే ఆ పట్టికలోని వరుసను తీసి చూపే పని ఫైండ్‌స్టర్ అన్న ఆదేశం క్షణంలో చేస్తుంది. రైతు చేతిలో ఉన్న పాసుపుస్తకం పాతది, యంత్రంలో ఉన్న నంబరు కొత్తది అయినప్పుడు ఈ చిన్న పట్టిక లేకపోతే ఆ మనిషికి తన పొలమే దొరకదు.

ఫైండ్‌స్టర్ మాట వచ్చింది కనుక, తెలుగు గురించి వివరంగానే చెప్పాలి. ఫైండ్‌స్టర్ ఫైలు పేరును కాకుండా లోపలి అక్షరాలను వెతుకుతుంది. సాదా టెక్స్ట్‌లో బాగా వెతుకుతుంది. వర్డ్ ఫైలులో వెతకలేదు, ఎందుకంటే డాక్స్ అన్న తోక ఉన్న ఫైలు లోపల కుదించి మూటగట్టి ఉంటుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే అది అక్షరం కూడా కాదు, బొమ్మ. వీటికి మించిన సమస్య మన డీటీపీ కేంద్రాల్లో ఉంది. ఏళ్ల తరబడి నరసరావుపేటలోనైనా విజయవాడలోనైనా తెలుగు టైపంటే పేజ్‌మేకర్, అను ఫాంట్లు. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, కోటప్పకొండ తిరునాళ్ల ప్రకటనలు, అర్జీలు, ఒప్పంద పత్రాలు అన్నీ వాటిలోనే. తెర మీద తెలుగు కనిపిస్తుంది, లోపల దాచి ఉన్నది ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంకేతాలు. ఆ వాక్యాన్ని ఎత్తి నోట్‌ప్యాడ్‌లో పెడితే అర్థంలేని అక్షరాల గుంపు కనిపిస్తుంది. అలాంటి ఫైళ్లలో మాచర్ల అన్న మాట కోసం ఏ యంత్రమూ వెతకలేదు, ఆ మాట అక్కడ లేదు గనుక. అచ్చులో అందంగా వచ్చిన తెలుగు, వెతుకులాటలో కనిపించకుండా పోయింది. ఇన్నేళ్లుగా మన ఊళ్లలో టైపు అయిన తెలుగులో ఎంత భాగం ఇలా మూగగా పడి ఉందో తలుచుకుంటే బాధ కలుగుతుంది.

దీనికి విరుగుడు, ప్రతి అక్షరానికీ ఒక స్థిరమైన సంకేతం ఇచ్చే యూనికోడ్. అది 1991లోనే తెలుగుకు 128 స్థానాల గడి కేటాయించింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో సహా తెలుగును లోపలే పెట్టుకుని వచ్చింది. అంటే సాధనం లేదనే సాకు ఎప్పుడో పోయింది. యూనికోడ్‌లో రాసిన తెలుగును బ్యాచ్ స్క్రిప్ట్ వెతకగలదు, కొన్ని జాగ్రత్తలతో. స్క్రిప్టును నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8గా భద్రపరచాలి, మొదట్లోనే, దాన్ని యూటీఎఫ్-8గా చదవమని చెప్పే సీహెచ్‌సీపీ 65001 అన్న వరుస ఉండాలి. నల్ల కిటికీలో తెలుగు సరిగ్గా కనిపించదు, అందులో తెలుగు టైపు చేయడం కూడా అన్నిసార్లూ కుదరదు. కనుక ఊరి పేరు స్క్రిప్టులోనే రాసిపెట్టుకోవాలి, ఫలితాన్ని తెర మీద కాకుండా ఒక టెక్స్ట్ ఫైలులోకి పంపి నోట్‌ప్యాడ్‌లో చదువుకోవాలి. ఇంకో సూక్ష్మం ఉంది. అడంగల్‌లో అన్న మాటలో ల్ పొల్లు విడిగా కనిపించాలంటే మధ్యలో కంటికి కనిపించని అతుకుడు నిరోధక సంకేతం ఒకటి పెడతాం. ఎల్‌పీఎం అన్న పేరులోనూ అంతే. ఒకరు ఆ సంకేతంతో, ఇంకొకరు ఒత్తుతో రాసిన పేర్లు యంత్రానికి రెండు వేర్వేరు పేర్లు. ఫైలు పేర్లలో ఊరి పేరు, ఇంటి పేరు వరకే ఉంచి విభక్తులు చేర్చకుండా ఉంటే ఈ బెడద చాలావరకు తప్పుతుంది.

ఇంత శ్రమ ఎందుకు, ఫోల్డర్ పైన వెతుకుడు పెట్టె ఉండగా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఒక్క ఫైలు ఒక్కసారి కావాలంటే ఆ పెట్టే మేలు, స్క్రిప్ట్ రాయమని నేనూ అనను. అయితే విండోస్ ముందుగా సూచిక వేసుకునేది మామూలుగా మన డాక్యుమెంట్లు, డెస్క్‌టాప్ వంటి చోట్లకే. డి డ్రైవ్‌లో ఉన్నవాటికి మనం చెబితే తప్ప వేయదు. అక్కడ వెతుకులాట నత్తనడక. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఎదుటనే ఉన్న డ్రైవ్‌లోని ఫైలు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాం. అంతకన్నా ముఖ్యం, ఆ పెట్టెలో టైపు చేసిన తెలివి పెట్టెతోనే పోతుంది. గురజాలకు ప్రశ్నార్థకం ఎక్కడ పెట్టారో, ఏ మూడు ఫోల్డర్లు చూశారో రేపు వచ్చేవారికి మిగలదు. రోజూ అదే రకం వెతుకులాట చేసే చోట స్క్రిప్ట్ రాతప్రతిగా మిగులుతుంది.

ప్రభుత్వ ఫైళ్లన్నీ ఈ-ఆఫీస్‌లోకి వెళ్లాయి కదా, ఇక ఫోల్డర్ల గొడవేమిటి అన్నది మరో అభ్యంతరం. ఈ-ఆఫీస్ ఫైలు నడకను చూసుకుంటుంది. ఎక్కించడానికి ముందు స్కాన్ చేసిన కాగితాలు, చిత్తుప్రతులు, నెలవారీ ఎక్సెల్ పట్టికలు, వాట్సాప్‌లో వచ్చి డౌన్‌లోడ్‌లో చేరినవి ఉద్యోగి యంత్రంలోనే ఉంటాయి. పత్తి జిన్నింగు మిల్లుకు, మిర్చి వ్యాపారికి, నెట్ సెంటర్‌కు, దస్తావేజు లేఖరికి ఈ-ఆఫీస్ లేనే లేదు. ఇక సాంకేతికం తెలిసినవారి అభ్యంతరం పవర్‌షెల్. 2006లో వచ్చిన ఆ సాధనం చాలా విషయాల్లో మెరుగు. నేను ఒప్పుకుంటాను. తెలుగును ఇంతకన్నా శుభ్రంగా చూస్తుంది. అన్ని ఫోల్డర్లనూ కలిపి తేదీ వరుసలో పేర్చగలదు. డిఐఆర్ అయితే ఏ ఫోల్డర్‌కు ఆ ఫోల్డర్‌నే విడిగా పేరుస్తుంది, అన్నిటిలోకీ కొత్తది ఏదో చెప్పదు. కానీ పవర్‌షెల్ స్క్రిప్టును మామూలు విండోస్ కంప్యూటర్ అనుమతి మార్చందే నడవనివ్వదు, రెండుసార్లు నొక్కితే నడవడానికి బదులు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు మొదటి రోజునే వాడగలిగే మెట్టు బ్యాచ్. అది ఎక్కినవారు రెండో మెట్టు ఎక్కుతారు, ఎక్కాలి కూడా.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ప్రమాదం గురించి. ఫైళ్లను తనంతట తాను తెరిచే స్క్రిప్ట్ మంచిదేనా? 2000 మే 4న ప్రపంచమంతా పాకిన ఐ లవ్ యూ వైరస్ కూడా ఒక స్క్రిప్టే. టీఎక్స్‌టీ అన్న నకిలీ తోక చూపించి, అసలు తోకను దాచుకుని వచ్చింది. విండోస్ మామూలుగా తోకలను దాచిపెడుతుంది కనుక జనం దాన్ని ఉత్తరమనుకుని తెరిచారు. కాబట్టి నియమాలు కఠినంగా ఉండాలి. తెరిచే స్క్రిప్టులో నక్షత్రం పక్కన నక్షత్రం పెట్టి అన్ని రకాల ఫైళ్లనూ తెరవమనకూడదు, పీడీఎఫ్, ఎక్సెల్, వర్డ్ అని తోకలు పేరుపేరునా చెప్పాలి. ముందు జాబితా చూపాలి, పాజ్ అన్న వరుసతో ఆగాలి, మనిషి చూసి మీట నొక్కాకే తెరవాలి. లేకపోతే మూడు వందల ఫైళ్లు ఒక్కసారిగా తెరుచుకుని యంత్రం స్తంభిస్తుంది. చెరిపే ఆదేశం, పేర్లు మార్చే ఆదేశం వెతికే స్క్రిప్టులో కనిపించకూడదు. ఎవరో వాట్సాప్‌లో పంపిన డాట్ బ్యాట్ ఫైలు మీద రెండుసార్లు నొక్కకూడదు. కుడివైపు మీట నొక్కి, ఎడిట్ అని తెరిచి, ప్రతి వరుసా చదివి, అర్థం కాని వరుస ఒక్కటున్నా పక్కన పెట్టేయాలి. ఇలా చదవడానికి వీలుండటమే ఈ సాధనాన్ని ఎంచుకోవడానికి కారణమని ముందే చెప్పాను. కత్తిపీటకు పదునుందని కూరలు తరగడం మానుకోం, పిల్లలకు అందకుండా పెడతాం.

ఇంకొక్క మాట. బ్యాచ్ స్క్రిప్టులో ఆర్ఈఎమ్ అనే మూడు అక్షరాలతో మొదలయ్యే వరుసను యంత్రం పట్టించుకోదు, అది మనుషుల కోసం. ఈ స్క్రిప్ట్ ఎవరు, ఏ తేదీన, ఎందుకు రాశారో, ఊరి పేరుకు ఏయే రూపాలు కలిపారో, ఏ ఫోల్డర్‌ను వదిలేశారో అక్కడ రాయవచ్చు. నా మట్టుకు స్క్రిప్టులో అత్యంత విలువైన వరుసలు అవే. నరసరావుపేటలో, మాచర్లలో, గురజాలలో కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేస్తున్న ప్రతి ఒక్కరినీ ఒకటి అడుగుతున్నాను. మీరు వారంలో పదిసార్లు వెతికేది ఏదో ఒకటి ఉంటుంది. దాని కోసం ఒక స్క్రిప్ట్ రాయండి. మొదటి మూడు వరుసలు ఆర్ఈఎమ్‌తో మొదలుపెట్టి వివరం రాయండి. డ్రైవ్‌లో అన్నిటికన్నా పైన, అందరికీ కనిపించేచోట పెట్టండి. బదిలీ మీద వెళ్లే రోజున తాళాలతో పాటు దాన్ని కూడా చూపించి, పక్కవారి చేత ఒకసారి నడిపించి వెళ్లండి.